కొంబు మచ్చకట్టిన సెప్టెంబరు

షియోనాయ్ రేవులో పదమూడు పడవలుండేవి. వంటల్లో వాడే పొడుగాటి సముద్రపు నాచు కొంబుని కోసే రోజుల్లో ఆ పదమూడు పడవలూ పొద్దున్నే సముద్రం మీదికి వెళ్ళాలా, ఒడ్డునే ఉండిపోవాలా అన్నది ఒక్క మనిషి తేల్చేది. ఆ మనిషికి సముద్రమంటే చచ్చేంత భయం.

ఆమె పేరు ససమొరి ఫుమినో. అప్పటికి అరవై ఒకటో ఏడు నడుస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. సన్నటి మనిషి, ఎండకి కమిలిన మొహం, నడుస్తుంటే ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఉండేది. జులై నుంచి సెప్టెంబరు దాకా రోజూ తెలతెలవారుతూండగా రేవు పక్క గుట్ట ఎక్కేది. అలని చూసేది, మబ్బు చూసేది, పొగమంచు ఎటు జరుగుతోందో చూసేది. కోసిన కొంబు ఆ రోజే గులకరాళ్ళ మీద పరుచుకుని ఎండాలి. మధ్యాహ్నం చినుకు పడిందంటే ఆకు తెల్లబారి ఎందుకూ కొరగాకుండా పోతుంది. అందుకని ఎండా ఉండాలి, సముద్రమూ ఊరుకోవాలి. రెండూ కుదిరాయనిపిస్తే తెల్లజెండా ఎగరేసేది. జెండా ఎగరకపోతే ఎంతటి మొనగాడైనా ఒక్క ఆకు కోయడానికి వీల్లేదు. అది ఊరి కట్టుబాటు.

జెండా తాడు పట్టుకునే ముందు ముడిని రెండుసార్లు తడిమి చూసుకునేది. ఎగరేశాక పడవలన్నీ తిరిగొచ్చేదాకా గుక్కెడు టీ కూడా గొంతు దిగేది కాదు. ఎండబెట్టే ఆడవాళ్ళు అన్నపు ముద్దలు విప్పుకుని "రావే, నాలుగు మెతుకులు తిను" అని పిలిచినా, సముద్రం వైపు చూస్తూ తల అడ్డంగా ఊపేది.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిదో ఏటి అక్టోబరులో పట్టుకుంది.

అక్టోబరు తుఫానులు రాళ్ళ మీంచి కొంబుని పీకేసి ఒడ్డుకి కుప్పలుగా తోస్తాయి. పడవల్లేని ఇళ్ళవాళ్ళకి ఆ కొట్టుకొచ్చిన కొంబే ఆధారం. పొడుగాటి తాడుకి బరువైన కొక్కెం కట్టి అలలోకి విసిరి, తేలుతున్న కొంబుని గాలానికి పట్టినట్టు లాక్కుంటారు. ఫుమినో, ఆమె అక్క నాయే ఆ రోజు మోకాటిలోతు నీళ్ళలో నిలబడి విసురుతున్నారు. తాడు జారిపోకుండా నాయే దాన్ని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. ఆమె కొక్కెం ఒక పెద్ద కుప్పకి తగులుకుంది. సరిగ్గా అప్పుడే అల వెనక్కి తీసింది. ఎడ్లబండంత కుప్ప, దాని వెనక తాడు, తాడు వెనక నాయే. ఫుమినో అక్క చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుంది. ఒక క్షణం పట్టుకుంది కూడా. తర్వాత చేతిలో ఏమీ లేదు.

బట్ట జారిపోయిందా, తనే వదిలేసిందా? నలభై రెండేళ్ళు ఆ ప్రశ్న ఆమెతోనే తిరిగింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఫుమినో నీళ్ళలో చీలమండ దాటి అడుగు పెట్టలేదు. బతుకుతెరువు మాత్రం కొంబే. ఎండాకాలం పరాయివాళ్ళ కొంబు ఎండబెట్టేది. తుఫాను రోజుల్లో కొక్కెం విసిరేది, కానీ పొడి రాళ్ళ మీద నిలబడి, అలకి అందనంత ఎడంగా. అంత దూరం నుంచి విసిరితే తగిలేదెలా? మొదట్లో తగిలేది కాదు. ఖాళీ రేవులో రోజుల తరబడి విసిరి విసిరి నేర్చుకుంది. చివరికి మగవాళ్ళ కొక్కేలు పడే చోటికి ఇరవై అడుగులు అవతల ఆమెది పడేది. తాడు మణికట్టుకి ఎన్నడూ చుట్టుకోలేదు. కాళ్ళ దగ్గర వదులుగా కుప్పపోసేది.

జెండా ఆమెకి ఎలా వచ్చిందంటే, పాత జెండా మనిషి మొకిచి తాతకి కళ్ళు మసకలు కమ్మాయి. ఊరి చావడిలో అందరూ కూర్చున్నప్పుడు ఆయనే అన్నాడు, "ఫుమినోకి ఇవ్వండి" అని.

ముందు నవ్వింది ఇసకిచి. ఫుమినో చిన్నాన్న కొడుకు, నాలుగేళ్ళు చిన్నవాడు, ఊళ్ళో అందరికంటే ముందు పడవ దించే మనిషి. "మా అక్కకా? బాగుంది తాతా! బకెట్లో నీళ్ళు కదిలినా జెండా దింపేస్తుంది. ఇంక మనం కొంబు కోసినట్టే!"

"నవ్వరా, నవ్వు" అన్నాడు మొకిచి తాత. "మీ అందరికీ కళ్ళున్నాయి, భయం లేదు. నాకు భయం ఉంది, కళ్ళు పోయాయి. ఆ పిల్లకి రెండూ ఉన్నాయి."

అప్పటికి ఆ 'పిల్ల'కి యాభై రెండు. వద్దని చెప్పేలోపే తాత జెండా ఆమె ఒళ్ళో పెట్టేశాడు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ తొమ్మిదేళ్ళలో షియోనాయ్ నుంచి ఒక్క ప్రాణమూ పోలేదు. అది ఎవరూ చెప్పుకోలేదు. ఎండ కాసిన రోజు జెండా ఎగరకపోతే మాత్రం "పిరికి జెండా" అని చెప్పుకునేవాళ్ళు.

ఇక ఆ ఏటి సంగతి. దాని వెనకటి చలికాలం చలికాలంలా లేదు. ఉత్తరం నుంచి రావలసిన మంచునీళ్ళు రాలేదు. కొంబు ఎదిగేదే ఆ చన్నీళ్ళలో. నేల మీది మొక్కలన్నీ మంచు కింద పడుకున్నప్పుడు కొంబు రాతిని పట్టుకుని, మొదలు దగ్గర రోజూ కొంచెం కొంచెంగా సాగుతుంది. తొలి ఏడు పలచగా, రిబ్బనులా ఉంటుంది. దాన్ని ముట్టుకోరు. శరదృతువు వచ్చేసరికి కొసలు కుళ్ళి రాలిపోతాయి. మళ్ళీ చలి మొదలవగానే అదే మొదలు నుంచి కొత్త ఆకు లేస్తుంది, ఈసారి మందంగా, బలంగా. రెండో ఎండాకాలం కోతకి వచ్చేది అది. ఆ ఎండాకాలం చివర ఆకు మీద గోధుమరంగు నల్లబడి మచ్చలు కడుతుంది. వేలితో రాస్తే చిన్న గరుకు తగులుతుంది. అందులోనే విత్తు. చలి మొదలవగానే అది నీళ్ళలోకి రాలి, శుభ్రమైన రాయి దొరికితే అంటుకుంటుంది. మచ్చ కట్టిన ఆకుల్ని కోసేస్తే రెండేళ్ళ తర్వాత కోయడానికి ఏమీ ఉండదు. అందుకే సెప్టెంబరు పదో తారీకుకి అటూ ఇటూగా కోత ఆపేయడం వాళ్ళ తాతల నాటి అలవాటు.

ఆ ఏడు కొంబు పలచగా ఉంది. దానికి తోడు జులై అంతా పొగమంచు. జెండా ఎగిరింది పదకొండు రోజులే. సెప్టెంబరు తొమ్మిదిన ఇసకిచి భార్య తోషియే ఒక ఆకు తెచ్చి ఫుమినో ఒళ్ళో పెట్టింది. తోషియే భర్తతోపాటు పడవ ఎక్కేది. ఫుమినోకి ఊళ్ళో స్నేహితురాలంటూ ఉంటే ఆమే.

"చూడు వదినా. సగం మచ్చలే."

ఫుమినో బొటనవేలితో రాసి చూసింది. "ఎక్కడిది?"

"కప్పరాయి అవతల." రేవు పక్కన, ఒడ్డుకి దగ్గర్లో నీళ్ళలోంచి కప్పలా లేచి ఉండే పెద్ద రాయి అది. "అక్కడే కాస్త ఒత్తుగా ఉంది. మిగతా చోట్ల రాళ్ళు బోడిగా, తెల్లగా కనిపిస్తున్నాయి. దొంతరలుగా కొంబుని మేసే ముళ్ళబంతులు, ఆ ఉర్చిన్లు తప్ప ఇంకేం లేవు." తోషియే గొంతు తగ్గించింది. "మీ తమ్ముడు ఈ నెలాఖరుదాకా కోద్దామని అందరినీ కూడగడుతున్నాడు. నేను చెప్తే వింటాడా?"

ఆ సాయంత్రమే చావడిలో కూర్చున్నారు. ఇసకిచి ఒక్కడే కాదు, పదమూడుమంది పడవలవాళ్ళలో తొమ్మిదిమంది అదే మాట. వాళ్ళది అత్యాశ అని ఎలా అంటాం? చలికాలం ఎలా గడపాలన్న బెంగ వాళ్ళది. ఫుమినో మూల కూర్చుని విత్తు గురించి చెప్పబోయింది.

"అక్కా, విత్తు సంగతి రెండేళ్ళ తర్వాత చూసుకుందాం" అన్నాడు ఇసకిచి. "ముందు ఈ ఏడు బతికి ఉండాలిగా! నువ్వు మచ్చలు చూడకు, మబ్బులు చూడు. నీ పని అది."

అందరూ నవ్వారు. ఫుమినో తల దించుకుంది. ఆమెకి సముద్రమంటే ఎంత భయమో, కోపంగా ఉన్న మొహాలన్నా అంత భయం. పదో తారీకు దాటాక ఇంకో రెండు రోజులు జెండా ఎగరేస్తానని ఒప్పుకుంది.

పన్నెండో తారీకు ఆకాశం అద్దం తుడిచినట్టుంది. గాలి లేదు. ఎండబెట్టడానికి అంతకంటే మంచి రోజు ఆ ఏడు రాలేదు. రేడియోలో మాత్రం తుఫాను ఎక్కడో దూరాన, దక్షిణాన, నడిసముద్రంలో ఉందన్నారు. ఈ తీరానికి హెచ్చరిక లేదు. ఫుమినో గుట్ట మీద నిలబడి వింది. అల చిన్నదే. కానీ వెనక్కి తీసేటప్పుడు గులకరాళ్ళు పొర్లే చప్పుడు మామూలుగా లేదు. చాలాసేపు ఏమీ లేదు, తర్వాత రాళ్ళన్నీ ఒక్కసారిగా గరగరమన్నాయి. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. దూరపు తుఫాను తోసిన పెద్ద అలలు వస్తుంటే అలాగే వినిపిస్తుంది.

కింద పడవల దగ్గర నుంచి అరుపులు. "అక్కా, నిద్దర్లో ఉన్నావా? ఎండ వచ్చేస్తోంది!" "చేతులు సరిపోకపోతే మేమొచ్చి లాగమంటావా తాడు?"

ఇంకో పది నిమిషాలు చూడాలనుకుంది. ఇంకో పది నిమిషాలు చూసి ఉంటే ఏమయ్యేదో. అరుపులు ఎక్కువయ్యాయి. ఆమె చేతులు వాటంతటవే తాడు లాగాయి. జెండా పైకి పోయింది. పదమూడు ఇంజన్లూ ఒక్కసారి మోగాయి.

గంటన్నర బాగానే ఉంది. ఆ తర్వాత, గాలి చుక్క లేకుండానే, కప్పరాయి అవతల సముద్రం లేచింది. తెల్లటి నురగ లేదు, చప్పుడు లేదు. నీలంగా, నున్నగా, కొండ వీపులా పైకి వచ్చింది. ఫుమినో కొయ్య దగ్గరికి ఉరికింది. జెండా తాడు విప్పడానికి వేళ్ళు ఆడలేదు. పళ్ళతో ముడి లాగి దింపింది, కొయ్య పక్కనున్న సైరన్ మీట నొక్కి పట్టుకుంది. తనకి తెలీకుండానే నోటితో కూడా అరుస్తోంది.

పడవలు మళ్ళాయి. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. రేవు నోట్లోకి దూరేటప్పుడు ఒక్కొక్కటీ వెనక నుంచి అల తోస్తుంటే ఒరుగుతూ వచ్చాయి. పన్నెండు వచ్చాయి. ఇసకిచి పడవ రాలేదు. కప్పరాయి అవతలే ఉంది, కొంబు నిండుగా, నీళ్ళకి అంచు తగులుతూ. రెండో అల దాన్ని ఎత్తింది. మూడోది బోర్లా వేసింది.

ఫుమినో గుట్ట దిగిన సంగతి ఆమెకి గుర్తులేదు. ఇంటి గోడకి వేలాడుతున్న తన కొక్కెమూ తాడూ ఎప్పుడు తీసుకుందో కూడా తెలీదు. గులకరాళ్ళ మీదికి వచ్చేసరికి ఇసకిచి ఒడ్డు వైపు కొట్టుకొచ్చి ఒక రాతి మీదికి ఎక్కి, నోట్లోంచి నెత్తురు కారుతుండగా ఒకటే పేరు పెట్టి అరుస్తున్నాడు. రెండు రాళ్ళ మధ్య సందులో నారింజరంగు లైఫ్ జాకెట్ ఒకటి పైకీ కిందికీ ఆడుతోంది. పడవలోంచి పడ్డ కొంబంతా తోషియే కాళ్ళకీ నడుముకీ చుట్టేసుకుంది. చేతులు మాత్రం కదులుతున్నాయి. పడవ ఆ సందులోకి పోలేదు. మనిషి దిగితే తిరిగి రాడు. ఒడ్డు నుంచి నూటయాభై అడుగులు.

ఒక కుర్రాడు నీళ్ళలోకి ఉరకబోతే పెద్దవాళ్ళు పట్టుకున్నారు.

ఫుమినో తాడు భుజాన వేసుకుని ముందుకి వచ్చింది. నీళ్ళు కాలి వేళ్ళకి తగిలితే వెనక్కి గెంతింది. పొడి రాయి మీద నిలబడింది. తాడు కాళ్ళ దగ్గర కుప్పపోసింది. మొదటిసారి విసిరితే కొక్కెం అడ్డంగా పడింది. లాక్కుంది. రెండోసారి తోషియే తల పక్కన నీళ్ళు చిందాయి. ఎవరో "మొహానికి తగుల్తుందే!" అని కేక పెట్టారు. ఆ భయమూ ఫుమినోకి ఉంది. ఆ కొక్కెం ఇనప పళ్ళు ఎంత పదునో ఆమెకంటే ఎవరికి తెలుసు? మూడోసారి అల వెనక్కి తీసేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి, తల వెనక మూడు చుట్లు తిప్పి వదిలింది.

కొక్కెం తోషియేకి అవతల పడి, ఆమెని చుట్టుకున్న కొంబులో దిగబడింది.

అప్పుడు అల తీసింది. తాడు కాళ్ళ దగ్గర నుంచి పాములా పారిపోయింది. ఫుమినో రెండు చేతులా పట్టుకుంది. అరచేతుల చర్మం లేచిపోయింది. పొడి రాయి మీంచి తడి రాయి మీదికి, తడి రాయి మీంచి నీళ్ళలోకి లాక్కుపోయింది తాడు. చీలమండ, మోకాలు. అక్క వెళ్ళిన దారే. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. వదలమని ఒళ్ళంతా చెప్తోంది. "వదలను, వదలను" అని పిచ్చిదానిలా గొణుగుతూనే ఉంది. వెనక నుంచి ఎవరో నడుము పట్టుకున్నారు. ఆ వెనక ఇంకెవరో. ఎండబెట్టే ఆడవాళ్ళు పదిమంది తాడు అందుకున్నారు.

తోషియే కొంబు మూటలా ఒడ్డుకి వచ్చింది. ఎడమ భుజం ఎముక విరిగింది, కొక్కెం పన్ను ఒకటి భుజంలో దిగింది. బోర్లా పడేస్తే బోలెడు నీళ్ళు కక్కింది. కళ్ళు తెరిచి ఫుమినోని చూసి, "వదినా... చేపననుకున్నావా నన్ను?" అంది.

ఫుమినోకి నవ్వు రాలేదు. ఆ రాళ్ళ మీదే కూలబడి, రక్తం కారే చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అరగంటదాకా ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మూడు రోజులకి మళ్ళీ చావడిలో కూర్చున్నారు. ఫుమినో రెండు చేతులకీ కట్లు. ఆమె లేచి నిలబడడం అదే మొదటిసారి.

"ఆ రోజు జెండా ఎగరేసింది నేను. రాళ్ళ చప్పుడు విన్నాను. అయినా ఎగరేశాను. మీ అరుపులకి భయపడి ఎగరేశాను" అంది. "నాకు ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా చెప్తున్నాను. ఈ ఏటికి ఇంక ఎగరెయ్యను. కొంబు మచ్చకట్టింది. కావాలంటే జెండా వేరేవాళ్ళకి ఇవ్వండి."

ఒకాయన ఇసకిచి వైపు చూశాడు, ఎదురు చెప్తాడేమోనని. ఇసకిచి పెదవికి కుట్లు. నేల చూస్తూ, "అక్క దగ్గరే ఉండనీండి" అన్నాడు. క్షమించమని మాత్రం అనలేదు. అనే రకం కాదు.

ఆ పెద్ద అలలు కప్పరాయి దగ్గరి కొంబుని కూడా చాలావరకు పీకేశాయి. మచ్చల ఆకులు ఒడ్డునిండా పడ్డాయి. వాటిని ఎండబెట్టకుండా ఫుమినో ఆడవాళ్ళతో కలిసి ఏరింది. వల సంచుల్లో నింపి, రాళ్ళు కట్టి, పడవలవాళ్ళ చేత బోడి రాళ్ళ మీద దింపించింది. విత్తు ఇంకా బతికి ఉందో లేదో తెలీదు. ఉన్నా నీళ్ళు చల్లబడకపోతే ఏమీ మొలవదు. అక్టోబరంతా రోజూ రేవు మెట్ల దగ్గర థర్మామీటరు ముంచి చూసేది. అది ఒక డిగ్రీ పైన కనిపిస్తే ఆ పూట మిసో చారు కూడా సహించేది కాదు. నవంబరులో ఊరంతా ఉర్చిన్లు ఏరి, పొడుగు కర్రల పారలతో రాళ్ళ మీది పాచి గీకారు. ఇసకిచి అందరికంటే ముందు వచ్చి ఆఖర్న వెళ్ళేవాడు.

జనవరిలో మంచునీళ్ళు వచ్చాయి. ఏప్రిల్లో ఒక ఉదయం తోషియే, భుజం ఇంకా సరిగా లేవకపోయినా, అడుగున అద్దం బిగించిన పెట్టె నీళ్ళలో ముంచి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఒడ్డున నిలబడ్డ ఫుమినో ఉండబట్టలేకపోయింది.

"ఏమైందే? లేదా? చెప్పి చావు!"

"ఉన్నాయి వదినా. వెంట్రుకల్లా. వేలెడంత పొడుగు. రాయి కనపడకుండా ఉన్నాయి."

వెంట్రుకలు కోతకి రావాలంటే ఇంకో ఏడు ఆగాలి. ఆ ఎండాకాలం కప్పరాయి వైపు ఎవరూ పోలేదు. జరుగుబాటు కష్టమై రెండు ఇళ్ళవాళ్ళు పట్నంలో పనికి వెళ్ళారు. పడవలు పదకొండు అయ్యాయి. ఆ మరుసటి జులైలో గానీ అక్కడి కొంబు మందమెక్కలేదు.

మొదటి కోతకి ముందురోజు సాయంత్రం తోషియే బూట్లు కడుగుతుంటే ఫుమినో చూసింది. "అవెందుకు?"

"రేపు పడవెక్కుతున్నా."

"నీకు మతి పోయిందా? ఆ భుజంతోనా? ఒడ్డున ఎండబెట్టుకోవచ్చుగా నాతో!"

"రెండేళ్ళు ఎండబెట్టాను వదినా. గులకరాళ్ళు చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి." తోషియే బూటు బోర్లించి నీళ్ళు దులిపింది. "నువ్వు బాగోలేదంటే వెళ్ళను. జెండా నీ చేతిలోనే ఉందిగా."

ఫుమినో కోపంతో ఇంటికి వెళ్ళిపోయింది. తెల్లారి గుట్ట ఎక్కి, ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడింది. అల చూసింది, రాళ్ళ చప్పుడు వింది. ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. సముద్రం ఊరుకుని ఉంది, ఎండ కాసేలా ఉంది. కింద ఒక్కరూ అరవలేదు. పదకొండు పడవల మనుషులూ తలలెత్తి ఆమె వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆమె జెండా ఎగరేసింది. రెండు గంటలసేపు కళ్ళు ఆ నారింజరంగు జాకెట్ మీంచి తిప్పలేదు. పడవ నిండుగా తిరిగొచ్చి, తోషియే ఒంటి చేత్తో నల్లటి తడి ఆకు ఒకటి ఎత్తి చూపించాక, గుట్ట దిగి, ఆ ఆకుని అందుకుని గులకరాళ్ళ మీద పరవడం మొదలుపెట్టింది.